ఉద్యోగ మార్కెట్‌కి హద్దు గీయాలంటే ఏది మేలు: బ్రిటన్ పద్ధతా, అమెరికా పద్ధతా?

ఒక జిల్లాలో నిరుద్యోగం ఇంత శాతం అని చెప్తే సరిపోదు. ఇల్లు ఒక జిల్లాలో, ఉద్యోగం పక్క జిల్లాలో ఉన్నవాళ్లు వేలల్లో ఉంటే ఆ అంకె దేని గురించో ఎవరికీ తెలియదు. అందుకే ఎవరు ఎక్కడ ఉంటున్నారు, పనికి ఎక్కడికి వెళ్తున్నారు అన్న లెక్కలు తీసి స్థానిక ఉద్యోగ మార్కెట్ల హద్దులు గీస్తారు. బాగా వాడుకలో ఉన్నవి బ్రిటన్ ట్రావెల్ టు వర్క్ ఏరియాలు, అమెరికా కమ్యూటింగ్ జోన్లు. నా ఓటు బ్రిటన్ పద్ధతికి, అయితే కళ్లు మూసుకుని కాదు.

బ్రిటన్ వాళ్లు అడిగేది సూటి ప్రశ్న. ఈ ప్రాంతంలో ఉండే ఉద్యోగుల్లో కనీసం 75 శాతం ఇక్కడే పనిచేస్తున్నారా? ఇక్కడ పనిచేసేవాళ్లలో కనీసం 75 శాతం ఇక్కడే ఉంటున్నారా? రెండూ అవునైతేనే పాస్. ఉద్యోగులు కనీసం 3,500 మంది ఉండాలి, 25,000 దాటిన చోట 66.7 శాతం ఉన్నా ఒప్పుకుంటారు. ఈ సడలింపు లేకపోతే పెద్ద నగరాలు చుట్టుపక్కలవన్నీ మింగేస్తాయి. 2011 జనాభా లెక్కలతో ఇలా 228 ప్రాంతాలు తేలాయి.

అమెరికా దారి వేరు. రెండు కౌంటీల (మన జిల్లాల్లాంటివి) మధ్య అటూ ఇటూ వెళ్లేవాళ్లందర్నీ కూడి, రెండింట్లో చిన్న కౌంటీ ఉద్యోగుల సంఖ్యతో భాగించి, బంధం గట్టిగా ఉన్నవాటిని ముందు కలుపుతూ పోతారు. ఆ భాగఫలమే బంధం. ఇక్కడ దూరం అంటే కిలోమీటర్లు కాదు, 1లోంచి బంధాన్ని తీసేస్తే మిగిలేది. ఇలా కలిసిన గుంపుల మధ్య సగటు దూరం 0.98 దగ్గర ఆపేస్తారు. 1990 లెక్కలతో 741 జోన్లు వచ్చాయి.

ఇక్కడే నాకు అభ్యంతరం. 4,000 మంది ఉద్యోగులున్న ఒక చిన్న కౌంటీ అనుకోండి. 2,000 మంది అక్కడే పనిచేస్తారు, మిగతావాళ్లు వేర్వేరు దిక్కుల్లో ఉన్న ఐదు కౌంటీలకు 400 మంది చొప్పున వెళ్తారు, అటు నుంచి ఎవరూ రారు. ఒక్కో జతకి బంధం 0.10, అంటే దూరం 0.90. ఈలోగా ఆ ఐదూ తమ వైపు తలో పది కౌంటీల గుంపులో కలిసిపోయాయంటే, ఏ గుంపు తీసుకున్నా మిగతా తొమ్మిదింటితో మన కౌంటీకి సంబంధమే లేదు కాబట్టి సగటు దూరం 0.99 అవుతుంది. గీత దాటేసింది! సగం మంది రోజూ బయటికి పోయే కౌంటీ ఒంటరిగా ఒక జోన్‌గా మిగిలిపోతుంది, చివర్లో దాన్ని మళ్లీ పరీక్షించే మెట్టే లేదు. బ్రిటన్ లెక్కలో అయితే 50 శాతంతో ఫెయిల్, ఏదో ఒక పొరుగుతో కలవాల్సిందే.

మరి పరిశోధకులు కమ్యూటింగ్ జోన్లనే ఎందుకు వాడతారంటే, కౌంటీలతో కట్టినవి కాబట్టి ఏ ప్రభుత్వ డేటా అయినా నేరుగా అతుకుతుంది. చైనా దిగుమతుల దెబ్బకి అమెరికాలో ఎక్కడ ఉద్యోగాలు పోయాయో ఆర్థికవేత్తలు ఆటర్, డోర్న్, హాన్సన్ 2013లో లెక్కగట్టింది వీటి మీదే. పైగా పల్లెలతో సహా దేశమంతా వస్తుంది. ఒక నగరాన్ని నడిమధ్యలో పెట్టుకుని, 25 శాతం మంది అక్కడికి వెళ్తున్నారా అని చూసి చుట్టుపక్కల కౌంటీలను చేర్చే మెట్రో ఏరియాల్లో ఆ సుగుణం లేదు, వాటికి ఆవల పల్లెలు చాలా మిగిలిపోతాయి.

బ్రిటన్ పద్ధతిలోనూ లోటుంది. జనం దూరాలు వెళ్లేకొద్దీ ప్రాంతాలు ఒకదాన్నొకటి కలుపుకుంటాయి: 2001లో ఉన్న 243 పదేళ్లకే తగ్గాయి, కాబట్టి పాత అంకెతో కొత్త అంకెని పోల్చాలంటే తలనొప్పి. పెద్ద చదువులున్నవాళ్లు దూరం వెళ్తారు, తక్కువ జీతానికి పార్ట్‌టైం చేసేవాళ్లకి అంత దూరం గిట్టదు. అందరినీ కలిపి ఒకే హద్దు గీస్తే ఆ రెండోవాళ్ల అసలు మార్కెట్ ఎంత చిన్నదో కనబడదు. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే, ఎందుకంటే సాయం అవసరమయ్యేది వాళ్లకే.

ఇంకో చిక్కు వర్క్ ఫ్రం హోం. ఇంట్లో పనిచేసేవాళ్లని ఉన్న చోటే పనిచేస్తున్నట్టు లెక్కేస్తే 75 శాతం దానంతటదే సులువుగా దాటుతుంది. ఇంగ్లండ్, వేల్స్ జనాభా లెక్కలు 2021 మార్చి 21న, కోవిడ్ ఆంక్షల మధ్యలో తీశారు, ఆ రాకపోకల డేటాని అలాగే నమ్మడం కష్టం. లెక్క ఒకసారి ఇంట్లో పనిచేసేవాళ్లతో, ఒకసారి వాళ్లు లేకుండా వేసి, హద్దులు ఎక్కడెక్కడ కదిలాయో రెండు మ్యాపులూ పక్కపక్కన పెట్టి చూపించాలి.