కాల్షియం కార్బనేట్ పరీక్షకు రామన్ మేలా, పరారుణం మేలా?

గవ్వ, ముత్యం, సున్నపురాయి, పాత గోడ సున్నం: అన్నిటిలో ఉన్నది ప్రధానంగా కాల్షియం కార్బనేటే. పుట్టుక మాత్రం వేరు. రామన్ అంటే లేజర్ కాంతి నమూనా మీద పడి చెదిరే తీరును, పరారుణం అంటే నమూనా పరారుణ కాంతిని పీల్చుకునే తీరును చూసే పరీక్ష.

ఖర్చు: పరారుణ పరికరం సాధారణంగా చవక.

శ్రమ: రామన్‌కు నమూనాను పొడి చేయనక్కరలేదు. పరారుణానికి నూరి, పొటాషియం బ్రోమైడ్‌తో బిళ్ళ కట్టడం పాత పద్ధతి.

గుర్తింపు (సెంటీమీటరుకు తరంగాల లెక్కలో): రామన్‌లో కాల్సైట్, అరగొనైట్ (కాల్షియం కార్బనేట్ స్ఫటికపు రెండు రూపాలు) రెండింటి ప్రధాన శిఖరమూ (గ్రాఫులో ఎత్తుగా లేచే చోటు) 1085 దగ్గరే. అందుకే తక్కువ అంకెల భాగం చూడాలి: 281 కాల్సైట్‌ది, 206 అరగొనైట్‌ది. పరారుణంలో కాల్సైట్‌కు 700 దగ్గరి భాగంలో 712 ఒక్కటే; అరగొనైట్‌కు 700, 713 జంట.

ప్రమాదం: జీవుల గుల్లల్లోని సేంద్రియ పదార్థం లేజర్ కింద ప్రతిదీప్తితో వెలిగి రామన్ శిఖరాలను ముంచేస్తుంది. అటు, అతిగా నూరితే అరగొనైట్ కాల్సైట్‌గా మారవచ్చు. నాకు ఈ రెండోదే ఎక్కువ భయం, ఎందుకంటే తప్పు జరిగినట్టు కంటికి తెలియదు.

పుట్టుక: ఇక్కడే పరారుణం నిజంగా రాణిస్తుంది. కాల్చిన సున్నం గాలితో కలిసి మళ్ళీ కాల్సైట్ అయినప్పుడు స్ఫటికంలో క్రమం రాతి కాల్సైట్ కన్నా తక్కువ. నూరే కొద్దీ కాల్సైట్ 874, 712 శిఖరాల ఎత్తులు మారే తీరు ఆ తేడాను బయటపెడుతుంది.

ముత్యం, శిలాజం వంటి చెక్కుచెదరకూడని వస్తువైనా, గుల్లలో ఏ పొర ఏ ఖనిజమో చూడాలన్నా రామన్. తవ్వకంలో దొరికిన గచ్చు, బూడిద అయితే పరారుణం.