సర్వర్ మీద ఆర్చ్, డెబియన్: ఏళ్ల తరబడి రెండూ నడిపాక

ఆర్చ్, డెబియన్ రెండూ లైనక్స్ రకాలే. ఆర్చ్‌ది రోలింగ్ రిలీజ్, అంటే కొత్త వెర్షన్లు ఎప్పటికప్పుడు వచ్చేస్తుంటాయి; డెబియన్ స్టేబుల్‌లో వెర్షన్లు అలాగే ఉండి మరమ్మతులు మాత్రం వస్తాయి. రోలింగ్ రిలీజ్ పెడితే సర్వర్ రోజుకోసారి పడిపోతుందని భయపెట్టేవాళ్లు చాలామంది. నాకైతే అలా ఏమీ జరగలేదు. ఆర్చ్ పెట్టిన వీపీఎస్ (అద్దె వర్చువల్ సర్వర్) ఏళ్ల తరబడి శుభ్రంగానే నడిచింది. అయినా ఇప్పుడు నేను హోస్ట్ చేసేవన్నీ డెబియన్ మీదే ఉన్నాయి. కారణం వేరు.

2024 జూలై 1న, సర్వర్‌లోకి దూరం నుంచి లాగిన్ కావడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో 'రెగ్రెషన్' అని పేరు పెట్టిన లోపం బయటపడింది. బయటివాడు లాగిన్ కాకుండానే రూట్ (సర్వర్ మీద పూర్తి అధికారం) దాకా పాకగలిగే రకం. వెంటనే ప్యాచ్ వేయక తప్పదు. డెబియన్ 12 వాళ్లు తమ దగ్గరున్న 9.2 వెర్షన్‌కే ఆ మరమ్మతు అతికించి పంపారు. ఆప్ట్ (డెబియన్ ప్యాకేజీ సాధనం)తో అప్‌గ్రేడ్ కొడితే పని అయిపోయింది. ఆర్చ్‌లో మాత్రం మరమ్మతు 9.8 వెర్షన్‌తో కలిసి వచ్చింది. ప్యాకేజీ మారాక, అప్పటికే నడుస్తున్న పాత ఎస్‌ఎస్‌హెచ్‌డీ (లాగిన్లు అందుకునే ప్రోగ్రాం) కొత్త కనెక్షన్లు తీసుకోదు. రీస్టార్ట్ చేయకుండా లాగౌట్ అయ్యారో, ఇక ప్రొవైడర్ ఇచ్చే వెబ్ కన్సోలే దిక్కు. ఆర్చ్ వాళ్లు ఆ రోజే తమ న్యూస్ పేజీలో ఈ సంగతి హెచ్చరించారు కాబట్టి వాళ్లనేమీ అనలేం. చెప్పొచ్చేదేమిటంటే, రోలింగ్‌లో సెక్యూరిటీ మరమ్మతు కావాలంటే దాంతోపాటు వచ్చే మార్పులనూ తీసుకోవాల్సిందే. అదీ మనకు తీరిక ఉన్న రోజున కాదు, లోపం బయటపడిన రోజున.

డేటాబేస్ దగ్గర ఇది ఇంకా బాగా తెలుస్తుంది. పోస్ట్‌గ్రెస్ పెద్ద వెర్షన్ మారితే పాత డేటా డైరెక్టరీతో కొత్త సర్వర్ లేవదు. ఆర్చ్‌లో మామూలు అప్‌డేట్‌లోనే ఆ పెద్ద వెర్షన్ వచ్చేస్తుంది. ముందే ఇగ్నోర్ లిస్టులో (అప్‌డేట్ చేయొద్దని చెప్పే జాబితా) పెట్టుకోకపోతే సర్వీసు ఆగిపోయి, పాత డేటాను కొత్త వెర్షన్‌కు మార్చే పీజీ అప్‌గ్రేడ్‌ను అప్పటికప్పుడు నడపాలి. డెబియన్‌లో 12 నుంచి 13కి వెళ్లినప్పుడు పాత పోస్ట్‌గ్రెస్ 15 క్లస్టర్ (సర్వర్, దాని డేటా) అలాగే నడుస్తూ ఉంటుంది, పక్కన 17 వచ్చి కూర్చుంటుంది. ఏ ఆదివారం రాత్రో మనకు వీలైనప్పుడు మార్చుకోవచ్చు.

ఆర్చ్‌లో కెర్నెల్ (సిస్టమ్ గుండెకాయ) అప్‌డేట్ అయ్యాక రీబూట్ వాయిదా వేస్తే నడుస్తున్న పాత కెర్నెల్ మాడ్యూళ్లు (అవసరమైనప్పుడు లోడ్ అయ్యే ముక్కలు) డిస్క్ మీద ఉండవు. అప్పుడు కొత్తగా వైర్‌గార్డ్ వీపీఎన్ లేపబోతే మాడ్యూల్ లేదంటుంది. చిన్న విషయమే, కానీ చిరాకు.

అలాగని డెబియన్‌తో అంతా హాయేమీ కాదు. క్లయింటు ఎవరో స్కానర్ నడిపి, 9.2 అన్న అంకె చూసి 'మీ ఎస్‌ఎస్‌హెచ్ ప్రమాదకరం' అని ఎర్ర రంగు రిపోర్టు పంపిస్తాడు. వెర్షన్ చివర ఉన్న 'డెబ్12యూ3' చూపించి, మరమ్మతు అందులోనే ఉంది బాబూ అని ఎంతమందికి చెప్పానో! పీహెచ్‌పీ కూడా 12లో 8.2 దగ్గరే ఆగిపోయింది. 8.4 కావాలన్నవాళ్లు 2025 ఆగస్టులో 13 వచ్చేదాకా ఆగాలి, లేదా బయటి రిపాజిటరీ తెచ్చుకోవాలి. అలాంటివి నేను కంటైనర్‌లో (మిగతా సిస్టమ్‌తో కలవని పెట్టె లాంటిది) పెట్టేస్తాను.

2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీలో దాచిన బ్యాక్‌డోర్ (దొంగదారి) బయటపడినప్పుడు మాత్రం ఈ పాతదనమే పనికొచ్చింది. విషం కలిసిన 5.6 వెర్షన్లు డెబియన్‌లో ఇంకా పరీక్షలో ఉండే టెస్టింగ్, అన్‌స్టేబుల్ శాఖల దాకా వచ్చాయి గానీ స్టేబుల్‌లోకి రాలేదు. ఆర్చ్‌కీ ఆ ఫైళ్లు చేరాయి, కాకపోతే ఆ బ్యాక్‌డోర్ గురిపెట్టిన ఎస్‌ఎస్‌హెచ్‌డీకి అక్కడ ఆ లైబ్రరీతో లింకు లేదు.

ఇప్పటికీ నా ల్యాప్‌టాప్‌లో ఆర్చే. సర్వర్ మీద కూడా పెట్టాలనుకుంటే ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతున్న) కెర్నెల్ వేసుకోండి, పోస్ట్‌గ్రెస్‌ను ఇగ్నోర్ చేయండి, అప్‌డేట్‌కు ముందు స్నాప్‌షాట్ తీయండి. వారానికోసారి కూర్చుని చూసే ఓపిక లేకపోతే మాత్రం ఆ జోలికి పోవద్దు.