మురానో గాజు ఫ్యాక్టరీకి ‘ఫ్రీ బోటు’ అంటున్నారా? ఎక్కకండి

వెనిస్ వెళ్లే మనవాళ్లకి ముందే చెబుతున్నా. హోటల్ రిసెప్షన్‌లోనో, ఊరి నడిబొడ్డున ఉండే సాన్ మార్కో చౌక్ దగ్గరో ఎవరైనా ‘మురానో దీవిలో గాజు ఊదే ఫ్యాక్టరీ చూపిస్తాం, బోటు ఫ్రీ’ అంటే వద్దని చెప్పేయండి. ఆ బోటు డబ్బులు షోరూమ్‌లో మన దగ్గరే రాబడతారు.

కొలిమి దగ్గర చూపించేది బాగానే ఉంటుంది, కాదనను. మేం వెళ్లినప్పుడు మేస్త్రి గొట్టం కొసన ఎర్రగా కాలిన గాజు ముద్ద తెచ్చి, పటకారుతో మెడ లాగాడు, జూలు నొక్కాడు, కాళ్లు సాగదీశాడు. చూస్తుండగానే గుర్రం నిలబడింది. అంతే, షో అయిపోయింది. వెంటనే అందరినీ మేడమీద షోరూమ్‌కి తోలారు.

అక్కడ ధర చీటీలు ఉండవు, మొహం చూసి రేటు చెబుతారు. మా అత్తగారికి నచ్చిన నీలం ఫ్లవర్‌వాజ్ మొదట 900 యూరోలు. ‘ఇండియా వాళ్లంటే మాకు అభిమానం’ అని 600. మేం తలుపు వైపు నడిచేసరికి 380! ఆవిడ ముచ్చటపడ్డారని తీసుకున్నాం. షిప్పింగ్ కలిపే అన్నారు. తీరా హైదరాబాద్ వచ్చాక కస్టమ్స్ డ్యూటీ కడితేనే ఇస్తానన్నాడు కొరియర్ అతను. కట్టి, పెట్టె విప్పితే అంచు విరిగి ఉంది. మెయిల్ పెడితే ఫొటోలు పంపమన్నారు. పంపాక ఉలుకూ పలుకూ లేదు.

మాతో వచ్చి ఏమీ కొనని జంటకైతే తిరుగు బోటు లేదన్నారు. పాపం, టికెట్ కొనుక్కుని వెనక్కి వెళ్లారు.

మురానో మాత్రం మానుకోకండి. అగ్నిప్రమాదాల భయంతో వెనిస్ పాలకులు 1291లో గాజు కొలుములన్నీ అక్కడికి తరలించారు, ఇప్పటికీ ఆ దీవివాళ్ల బతుకుతెరువు అదే. ఫొండమెంటె నోవే రేవు నుంచి 4.1 లేదా 4.2 నంబరు వాపొరెట్టో (బస్సులా తిరిగే బోటు) ఎక్కితే పది నిమిషాల ప్రయాణం. కొద్దిపాటి టికెట్ పెట్టి కొలిమి చూపించే చోట్లు ఉన్నాయి, చూసి మీ దారిన మీరు రావచ్చు. గాజు మ్యూజియం కూడా అక్కడే.

కొనాలనుకుంటే ‘వెట్రో ఆర్టిస్టికో మురానో’ స్టిక్కర్ ఉందేమో చూడండి. అసలు సరుక్కి అధికారిక గుర్తు అది, అందరూ వాడరు గానీ. చిన్న వస్తువైతే చేత్తోనే తెచ్చుకోండి. పెద్దదైతే పగిలితే డబ్బు ఎవరిస్తారో, డ్యూటీ ఎవరిదో బిల్లు మీద రాయించుకుని కార్డుతోనే కట్టండి. ఆగస్టులో వెళ్లేవాళ్లు ముందే కనుక్కోండి, ఆ నెలలో చాలా కొలుములు మూసేస్తారు.