కాలిక్యులస్ వన్‌లో గేట్‌వే టెస్ట్: తిట్టుకుంటూనే ఓటేస్తున్నా

క్విజ్‌లకెంత, మిడ్‌టర్మ్‌కెంత, ఫైనల్‌కెంత అన్నది సిలబస్ షీట్‌లోనే ఉంటుంది, అదంతా వదిలేస్తున్నా. ముందు ఈ కోర్సు చదివి, తర్వాత కొన్ని సెమిస్టర్లు ఇదే కోర్సుకి పేపర్లు దిద్దాను, చెప్పాలనుకుంటున్నది ఒక్క గేట్‌వే టెస్ట్ గురించే.

మా కోర్సులో అయితే ఏడు డెరివేటివ్‌లు (ఫంక్షన్ ఎంత వేగంగా మారుతుందో చెప్పేవి) కనుక్కోమని ఇచ్చేవాళ్ళు, కాలిక్యులేటర్ ఉండదు, ఆరు కరెక్టయితే పాస్, లేదంటే ఇంకో పేపర్‌తో మళ్ళీ రాయాలి. పాసైతే ఒక్క మార్కు కలవదు, గడువులోపు పాస్ కాకపోతే మాత్రం మొత్తం కోర్సు గ్రేడ్ ఒక మెట్టు కిందికి. స్టెప్ మార్కులు అసలే లేవు. నాకు ఒళ్ళు మండింది అక్కడే, మిడ్‌టర్మ్‌లో ఒక మైనస్ ఎగిరిపోతే ఒక మార్కుతో పోతుంది, ఇక్కడ ఆ లెక్కకి సున్నా, ఇదెక్కడి న్యాయం అని.

మిడ్‌టర్మ్ దిద్దడం మొదలెట్టాక అర్థమైంది. అన్ని సెక్షన్లకీ ఒకటే పేపర్ కదా, దిద్దేవాళ్ళు తలా ఒక ప్రశ్న పంచుకుంటారు, నాకు పడింది ఇది: ఎక్స్ సున్నా గానీ అంతకంటే ఎక్కువ గానీ అయినప్పుడు, ఎక్స్ స్క్వేర్ ఇంటూ e పవర్ మైనస్ త్రీ ఎక్స్ గరిష్ఠ విలువ ఎక్కడొస్తుంది? రెండు ఫంక్షన్ల గుణకారానికి వాడే ప్రోడక్ట్ రూల్ దాదాపు అందరూ వేశారు. కానీ రెండో టర్మ్‌లో చైన్ రూల్ (ఫంక్షన్ లోపల ఇంకో ఫంక్షన్ ఉంటే వాడేది) వల్ల రావాల్సిన మైనస్ త్రీని చాలామంది ప్లస్ త్రీ చేసేశారు. సరిగ్గా చేసి డెరివేటివ్ సున్నా అయ్యే చోటు వెతికితే జవాబు 2/3. ప్లస్ పెడితే మైనస్ 2/3 వస్తుంది, అది డొమైన్‌లోనే, అంటే ఎక్స్‌కి ఇచ్చిన పరిధిలోనే, లేదు. ఇక మిగిలేది సున్నా, అక్కడ ఫంక్షన్ విలువ కూడా సున్నానే. ఒక పేపర్‌లో ఆ మైనస్ 2/3ని రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాసి, కింద "గరిష్ఠం లేదు" అని పెట్టారు, చూస్తే పాపం అనిపించింది. మొదటి తప్పుకి ఒక్క మార్కే కోసి తర్వాతి స్టెప్స్‌కి మార్కులివ్వమని రూబ్రిక్ (దిద్దేవాళ్ళకిచ్చే మార్కుల పట్టిక) చెప్తుంది, బానే ఉంది, కానీ ఇద్దామంటే తర్వాత స్టెప్పే లేదే! ఆ ఒక్క గుర్తుని ముందే పట్టుకునే టెస్ట్ గేట్‌వే ఒక్కటే, పైగా మళ్ళీ మళ్ళీ రాయనిస్తుంది.

ఇంతలా పొగిడాను గానీ, గడువు ముందు వారం టెస్ట్ రూమ్ బయట క్యూ చూస్తే ఎవరికైనా విరక్తి పుడుతుంది. ఇంకోటి, గేట్‌వే సునాయాసంగా పాసైనవాళ్ళకే ఒక టేబుల్‌లో విలువలిచ్చి ఈ పాయింట్ దగ్గర డెరివేటివ్ సుమారుగా ఎంతో చెప్పమంటే తెల్లమొహం వేస్తారు. చేతికి వేగం వచ్చింది, అర్థం మాత్రం ఈ టెస్ట్ నేర్పదు, నేర్పుతుందని ఎవరూ అనలేదులెండి.

నాకు మధ్యాహ్నాలు ఖాళీగా ఉండేవి కాబట్టి రీటేక్‌లు భారం కాలేదు. ఉద్యోగం చేసుకుంటూ చదివేవాళ్ళు ఆ టైమ్ స్లాట్లకి ఎలా రాగలరో నాకైతే తెలీదు, వాళ్ళ చేత రాయిస్తే ఈ రివ్యూ వేరేలా ఉంటుందేమో. మీ కోర్సులో కూడా ఉంటే మొదటి వారంలోనే వెళ్ళి ఒకటి రాసేయండి, అప్పుడు రూమ్ ఖాళీగా ఉంటుంది, దిద్దేవాళ్ళకి కూడా తప్పెక్కడో చూపించే ఓపిక ఉంటుంది.