లక్ష్మణఫలం క్యాప్సూల్స్ కొనేవారికి ఒక హెచ్చరిక

మా అమ్మగారికి రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స జరిగి, కీమోథెరపీ నడుస్తున్న రోజుల్లో, "కీమో కన్నా పదివేల రెట్లు శక్తిమంతం" అన్న ప్రకటన చూసి నేను ఆన్‌లైన్‌లో మూడు సీసాల లక్ష్మణఫలం క్యాప్సూల్స్ కొన్నాను. సీతాఫలం, రామాఫలం కుటుంబానికి చెందినదే కదా, పండు వల్ల హాని ఏముంటుందని నమ్మాను. తీరా సీసా వెనుక చూస్తే అందులో ఉన్నది పండు కాదు, ఆకుల పొడి. దాని కింద కంటికి ఆనని అక్షరాలలో "ఔషధంగా వాడరాదు" అని ఉంది. అది చదివేసరికే అమ్మ పందొమ్మిది రోజులు వాడింది.

సీసా చూసిన వెంటనే వైద్యురాలు వాటిని ఆపించి, కాలేయ పరీక్షలు రాశారు. ఆ పదివేల రెట్ల మాట ప్రయోగశాలలో, గాజు పాత్రల్లో పెంచిన కణాల మీద చేసిన పరీక్షల నుంచి పుట్టిందే తప్ప, ఈ ఆకు మనుషులలో క్యాన్సర్‌ను నయం చేస్తుందని ఏ క్లినికల్ ట్రయల్‌లోనూ రుజువు కాలేదని ఆవిడ ఓపికగా వివరించారు. ఈ జాతి మొక్కల్లోని అసిటోజెనిన్లు అనే రసాయనాలు కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా పనిని అడ్డుకుంటాయి. క్యాన్సర్ కణానికి జరిగే ఆ నష్టమే నాడీకణానికీ జరగవచ్చు. కరీబియన్ దీవి గ్వాడెలూప్‌లో ఈ పండ్లు, ఆకుల కషాయం ఎక్కువగా తీసుకునేవారిలో పార్కిన్సన్స్‌ (వణుకుడు వ్యాధి)ను పోలిన నాడీ వ్యాధి కనిపిస్తోందని 1999లోనే పరిశోధకులు ప్రచురించారు.

పండులోని పదార్థాన్ని విడదీసి మాత్రగా మింగితే పండు తిన్నట్లే అవుతుందనుకోవడం కూడా సరికాదు. మామిడికి, బొప్పాయికి పసుపుదనాన్నిచ్చే బీటా కెరోటిన్‌ను ఫిన్లాండ్‌లో 29 వేలకు పైగా పొగతాగే పురుషులతో జరిపిన అధ్యయనంలో మాత్రలుగా ఇవ్వగా, ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగిందని 1994లో తేలింది. పళ్లెంలో పెట్టుకుని తినే పండ్లను మానమని మాత్రం వైద్యురాలు మాకు చెప్పలేదు.

సీలు తీశామన్న కారణంతో ఆ అమ్మకందారు డబ్బు వాపసు ఇవ్వలేదు. క్యాన్సర్‌ను నయం చేస్తామని ప్రకటించడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది కనుక, నేను 1915 నంబరు వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేశాను. మీరు ఇలాంటివి ఇప్పటికే కొని ఉంటే ముందు సీసాను మీ వైద్యులకు చూపించండి. బిల్లును, సీసా మీది లైసెన్స్ సంఖ్యను, అన్నిటికన్నా ముఖ్యంగా ప్రకటన స్క్రీన్‌షాట్‌ను దాచుకోండి. నేను ఫిర్యాదుకు కూర్చునేసరికి ఆ ప్రకటనను తొలగించేశారు.