పదకొండేళ్ల పారాయణంలో నాలుగు పునర్ముద్రణలు

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి దగ్గరలోని ఒక పుస్తకాల అంగడిలో 2014 వేసవిలో నాలుగు పునర్ముద్రణలు ఒకేసారి కొన్నాను. వాటిలో రెండు తరిగొండ వెంగమాంబ రచనలైన వాసిష్ఠ రామాయణం, రాజయోగామృతసారం. మూడోది వేమన పద్యాల సంపుటి. నాలుగోది నేను పేరు చెప్పదలచుకోని ఒక యోగ ద్విపద కావ్యం, అంటే రెండేసి పాదాల పద్యాల్లో యోగాన్ని చెప్పే పుస్తకం. అప్పటినుంచి ప్రతి ఏకాదశి సాయంత్రం బైరాగిపట్టెడలోని మా ఇంట్లో నలుగురైదుగురం చేరి, ఒకరు చదవగా తక్కినవారం వింటున్నాము. అలమరలో భద్రపరిచిన ప్రతుల గురించి కాక, వ్యాసపీఠం మీద నలిగిన ప్రతుల గురించి వ్రాస్తున్నాను.

వెంగమాంబ పుస్తకాలు రెండూ పాత అచ్చుప్రతిని ఫోటో తీసి ఆఫ్‌సెట్‌లో వేసినవి. సిరా కొన్నిచోట్ల అలుక్కుపోయింది, ఒకటి రెండు పుటల అంచున అక్షరాలు కత్తిరింపులో పోయాయి. తక్కిన రెండూ కంప్యూటర్‌లో కొత్తగా కూర్చినవి. పెద్ద అక్షరాలు, తెల్లని కాగితం, పద్యం క్రింద తాత్పర్యం. కొన్న రోజున మా అందరి చేతులూ సహజంగానే ఆ రెండింటి మీదికే వెళ్లాయి. శుక్లాల ఆపరేషన్ చేయించుకున్న మా అత్తగారు ఇప్పటికీ వేమనను ఆ ప్రతిలోనే చదువుకుంటారు, ఆ సౌకర్యాన్ని నేను తక్కువ చేయను.

చిక్కంతా యోగ ద్విపదలో వచ్చింది. ఒకచోట "మండలి" అనే మాటతో పాదం మొదలైంది. మండలి మేల్కొనడమేమిటని మాలో మేమే రెండు ఏకాదశులు తర్కించుకున్నాము. మాలో పెద్దవారొకరు దానికి సూర్యమండలమని, చంద్రమండలమని ఎంతో లోతైన అర్థం చెప్పగా మేము తలలూపాము కూడా. ద్విపదలో ప్రతి పాదానికీ మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం ఉంటాయి. పాదం మొదటి అక్షరానికీ మూడో గణం మొదటి అక్షరానికీ యతి కుదరాలి, అంటే ఆ రెండూ ఒకదానితో ఒకటి చెల్లే అక్షరాలు కావాలి. ఆ పాదంలో మూడో గణం "గు" అక్షరంతో మొదలవుతోంది. "మ"కూ "గు"కూ యతి ఎక్కడిది? అక్కడ ఉండవలసిన మాట "కుండలి", అంటే యోగంలో మేల్కొంటుందని చెప్పే కుండలినీ శక్తి; "కు"కూ "గు"కూ యతి చెల్లుతుంది. రెండో అక్షరం రెండు మాటల్లోనూ ఒకటే కావడంతో ప్రాస ఏ లోపమూ లేకుండా నడిచిపోయింది, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. కథాకావ్యంలో అచ్చుతప్పు పడితే పాఠకుడు నవ్వుకుని సరిదిద్దుకుంటాడు. మర్మం చెప్పే గ్రంథంలో పడితే ఆ తప్పే మర్మమనుకుని దానికి దండం పెడతాడు. మేము పెట్టాము.

అరసున్నల (ఁ) సంగతి ఇంకొకటి. కొత్త కూర్పులో కొన్నిచోట్ల వాటిని తీసేశారు, కొన్నిచోట్ల నిండు సున్నలు చేశారు. "తలఁచి"లోని అరసున్నను తీసేస్తే ఛందస్సుకు నష్టం లేదు. "తలంచి" అని వేస్తే లఘువు గురువై, చదువుతున్నవారి గొంతు అక్కడే తడబడుతుంది. "ఏఁడు" అంటే సంవత్సరం, "ఏడు" అంటే సంఖ్య. జ్ఞానభూమికలు, అంటే జ్ఞానంలోని మెట్లు, ఏడని చెప్పే యోగవాసిష్ఠ సంప్రదాయంలో ఈ తేడా చిన్నది కాదు. ఫోటో ప్రతిలో అరసున్నలూ బండి ఱలూ ఉన్నవి ఉన్నట్టే నిలిచాయి. అలికిన సిరాలో కనబడని అక్షరాన్ని యతిప్రాసలతో ఊహించి పూరించుకోవచ్చు. స్పష్టంగా, నల్లగా, తప్పుగా పడిన అక్షరాన్ని మాత్రం అనుమానించే బుద్ధి మనకు వెంటనే పుట్టదు.

తాత్పర్యాల గురించి ఎక్కువ చెప్పను. ఇడ, పింగళ, సుషుమ్న అనే మూడు నాడుల కూడలిని త్రివేణి అనడం, ఉచ్ఛ్వాస నిశ్వాసలను హంస అనడం వంటి సంకేతాలను విప్పవలసిన చోట "గురుముఖతః తెలుసుకొనవలెను" అని ఒక్క వాక్యంతో దాటేశారు. సాధనక్రమాన్ని గురువుకు వదిలితే అది సంప్రదాయం. మాటకు అర్థాన్ని కూడా వదిలేస్తే అది బద్ధకమని నా అభిప్రాయం.

బైండింగులో మాత్రం ఫోటో ప్రతులు రెండూ కుట్టువి కావడం మా అదృష్టం, పూర్తిగా తెరిచి పెట్టినా నిలుస్తాయి. జిగురుతో అంటించిన రెండూ మూడో వేసవికే వెన్ను పగిలాయి. వేమనకు దారంతో కుట్టించి అట్ట వేయించాను, యోగ ద్విపదను గుడ్డలో చుట్టి ఉంచుతున్నాము.

ఇప్పుడు ఎవరైనా ఏది కొనమంటారని అడిగితే, పారాయణానికి ఫోటో ప్రతినీ, కళ్లు సహకరించనివారికి కొత్త కూర్పునూ చెబుతున్నాను; మర్మగ్రంథమైతే కొత్త కూర్పును ఒంటరిగా కొనవద్దంటున్నాను. మా యోగ ద్విపద అంచుల్లో పెన్సిల్‌తో దిద్దిన సవరణలు ఇప్పటికి నలభై దాటాయి. "మండలి" దగ్గర మాత్రం దిద్దకుండా, చుట్టూ ఒక గీత గీసి వదిలేశాము.