హిందీ ట్యూషన్ హోంవర్క్: రోజూ ఐదు వాక్యాలా, ఆదివారం నాలుగు పేజీలా?

బడులు తెరిచిన దగ్గర్నుంచీ సత్యనారాయణపురంలో మా ఇంటి మెట్ల మీద అమ్మలందరిదీ ఒకటే మాట: "ఇంకాస్త రాత పని ఇవ్వచ్చుగా టీచర్ గారూ?" పక్క వీధి ట్యూషన్‌లో రోజుకు రెండు పేజీలు రాయిస్తారట. ఈ జూన్‌లోనే నేను పద్ధతి మార్చాను, రెండూ చేసి చూశాను కాబట్టి చెబుతున్నా.

పోయినేడాది దాకా నాది ఆదివారం పద్ధతే. దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలకు కట్టే పిల్లలు, ప్రాథమిక్, మధ్యమ అనే మొదటి మెట్లవాళ్లు 22 మంది, వారానికి తలా నాలుగు పేజీలు. అందులో మేలు లేదనను. పొద్దస్తమానం బడిలో కూర్చుని వచ్చినవాళ్లకు మామూలు రోజుల్లో బరువుండదు. వ్యాసం, ఉత్తరం లాంటివి ఒక కుదురున రాయాలంటే ఆదివారమే నయం. ప్రవేశిక అనే పై పరీక్ష దాటినవాళ్లకు ఇప్పటికీ అలాగే ఇస్తున్నా. చిన్నవాళ్లు మాత్రం ఆదివారం రాత్రి తొమ్మిదింటికి మొదలెడతారు. మొదటి పేజీలో శిరోరేఖ, అదే హిందీ అక్షరాల మీది గీత, స్కేలు పెట్టి గీసినట్టుంటుంది, మూడో పేజీకొచ్చేసరికి గాలిపటం తోకే.

నాకు తేల్చింది అలసట కాదు, దిద్దడం. 88 పేజీలు దిద్ది తిరిగిచ్చేసరికి గురువారం అయ్యేది. ఒక పిల్లాడు "మైనే రోటీ ఖాయా" అని రాశాడు. మనకు రొట్టె అయినా పెరుగైనా "తిన్నాను" ఒక్కటే. అక్కడ రోటీ స్త్రీలింగం, పైగా "నేను" అనే మాటకు "నే" చేరి "మైనే" అయిందంటే క్రియ రోటీ వెంటే పోవాలి: "ఖాయీ". అదే తప్పు కితాబ్‌తో, చిట్ఠీతో, చాయ్‌తో ఆ నాలుగు పేజీల్లో 17 సార్లు. నా ఎర్ర పెన్ను తగిలేలోపు అది వాడి నోట్లో పాతుకుపోయింది. మాన్పించేసరికి దసరా సెలవులు దాటాయి. తప్పును అన్నిసార్లు సాధన చేయించింది నేనేగా!

ఇప్పుడు రోజుకు ఐదే వాక్యాలు. మర్నాడు సాయంత్రం వాళ్లు పాత పాఠం చదువుకుంటుంటే అరగంటలో 110 వాక్యాలూ చూసేస్తా. తప్పు రాసిన వాక్యాన్ని ఒక్కసారి పైకి అంటూ సరిగ్గా రాయాలి, అంతే. నిన్న రాసిందే కాబట్టి ఎందుకలా రాశాడో వాడికి ఇంకా గుర్తుంటుంది. "చావల్‌కి ఖాయా అన్నారుగా టీచర్, రోటీ కూడా తినేదేగా" అన్నాడొకడు మొన్న. చావల్ అంటే అన్నం, అది పుంలింగం కాబట్టి ఖాయా; వాడు లింగాన్ని వదిలేసి తిండి మాటగా పట్టుకున్నాడన్నమాట. గురువారం దాకా ఆగితే ఈ సంగతి నాకు తెలిసేదే కాదు.

చిక్కులూ ఉన్నాయి. నాకు ఒక్క సాయంత్రం జ్వరమొస్తే లెక్కంతా తప్పుతుంది. ఐదు వరుసలు చూసి ఫీజు దండగ అనుకునేవాళ్లూ ఉన్నారు. అలాంటివాళ్లకు దిద్దిన పుస్తకం చూపిస్తా.

మిగతా పద్ధతులంటారా, ఇంపోజిషన్ దస్తూరీకి తప్ప దేనికీ కాదు. వాట్సాప్‌లో చదివి పంపమంటే అమ్మ ఫోన్ ఇంటికొచ్చేది రాత్రి ఎనిమిదికి. అసలు ఇవ్వకపోవడమంటారా, ఒక నెల చూశా, క్లాసు క్లాసుకీ మళ్లీ అ ఆల దగ్గరకే.

మీ దగ్గర నలభై మంది ఉంటే ఐదు కాదు, మూడే ఇవ్వండి. మర్నాటికి దిద్దగలిగినంతే. పరీక్షలకు నెల ముందు మాత్రం నా నియమం నేనే తప్పుతా, పాత ప్రశ్నపత్రాలు పూర్తిగా రాయిస్తా. అప్పుడు మా ఇంట్లో వంట మా ఆయనదే.